రోడ్డును వానలో చూడాలి

టప్పుమని ఒక్క చప్పుడు. ముందు వెళ్తున్న ట్రక్కు చక్రం కింద నుంచి లేచిన గులకరాయి నా కారు అద్దానికి తగిలింది. చూస్తే కందిగింజంత తెల్లటి మచ్చ. బయట ఎండ, లోపల ఏసీ చల్లదనం. సాయంత్రానికి ఆ మచ్చకు ఒక కాలు మొలిచింది. మూడు రోజులకు అది జానెడు గీతై, సరిగ్గా డ్రైవరు కళ్లకు అడ్డంగా పాకింది. ఇది 2018 నవంబర్‌లో, కువైట్‌లో. వాన వెలిసి వారం కూడా కాలేదు. మా వీధిలోనే నాలుగైదు కార్ల అద్దాలు అలా పగిలాయి.

మాది కడప జిల్లా కమలాపురం దగ్గరి పల్లె. 2011లో ఇంటి డ్రైవరుగా కువైట్ వచ్చాను. అంతకు ముందు ఎనిమిదేళ్లు బండల లారీ నడిపాను. ఎర్రగుంట్ల, ముద్దనూరు వైపు గనుల్లో నల్ల కడప బండలు ఎక్కించుకుని, గువ్వలచెరువు కనుమ దాటి చిత్తూరు, ఆ పైన తమిళనాడు దాకా. ఇప్పుడు ఆ లారీ మా తమ్ముడి చేతిలో ఉంది. సెలవు మీద ఊరికి వెళ్లిన ప్రతిసారీ రచ్చబండ దగ్గర కుర్రవాళ్లు అడిగే మాట ఒకటే: "అక్కడ రోడ్లు అద్దాల్లా ఉంటాయట కదా అన్నా?" ఉంటాయి, ఎండలో చూస్తే. రోడ్డు సంగతి తెలియాలంటే వానలో చూడాలని రెండు దేశాల్లోనూ బండి నడిపాక నాకు తెలిసింది.

ముందు ఎండ గురించి చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని వింటూ పెరిగినవాణ్ని నేను. మే నెలలో కడపలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు మాకు కొత్త కాదు. కానీ మా ఎండకు ఒక గడువు ఉంది. మృగశిర వస్తే గాలి మారుతుంది, ఒక జల్లు పడినా నేల చల్లబడుతుంది. కువైట్‌లో సరిగ్గా మృగశిర వచ్చే రోజుల్లోనే అసలు ఎండ మొదలవుతుంది. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబా అనే ఎడారి కేంద్రంలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలో అంతటి వేడి అంతకు ముందు నమోదు కాలేదని ప్రపంచ వాతావరణ సంస్థ తర్వాత ధ్రువీకరించింది. ఆ రోజు మధ్యాహ్నం బడి నుంచి పిల్లల్ని తెచ్చే పని లేదు, సెలవులు. మా యజమాని తండ్రిని మాత్రం ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పది నిమిషాలు ఎండలో నిలిపిన కారు ఎక్కి సీటు బెల్టు పట్టుకున్నాను. ఇనుప నాలుక బొటనవేలికి అంటుకున్నట్టయింది, బొబ్బ లేచింది. అప్పటి నుంచి స్టీరింగు మీద తడి తువ్వాలు, బెల్టు కొక్కెం మీద పొడి గుడ్డ కప్పి కారు దిగడం అలవాటైంది.

ఆగస్టులో ఎండ కంటే రుతూబా బాధ ఎక్కువ. గాలిలోని తేమను ఇక్కడ అలా అంటారు. సముద్రం మీద నుంచి ఆ గాలి తిరిగితే తెల్లవారుజామున కారు అద్దం బయటి వైపు చెమర్చి, వైపరు వేస్తే తప్ప దారి కనిపించదు. ఇక గుబార్, అంటే దుమ్ము. మా సీమలోనూ సుడిగాలి లేస్తుంది, చింతచెట్టు చుట్టూ తిరిగి పోతుంది. ఇది అలా కాదు. వాయవ్యం నుంచి ఇటుక రంగు గోడ ఒకటి నడిచి వస్తుంది. 2022 మే నెలలో వారం తేడాతో రెండుసార్లు అలాంటి గాలికి ఇక్కడి విమానాశ్రయంలో రాకపోకలు ఆగిపోయాయి. ఆ గాలిలో రోడ్డు మీద ఇసుక పాములా జరజరా పాకుతూ ఉంటుంది. సాల్మీ వైపు, కబ్ద్ వైపు వెళ్లే దారుల్లో అది కుప్పలు పడితే యంత్రాలతో తోయాలి. అటువంటప్పుడు బ్రేకు గట్టిగా వేయకూడదు, ముందు బండి వెనక లైటును కంటితో వదలకూడదు. దారి కనిపించకపోతే రోడ్డు అంచు దాటి పక్కకు తీసి ఆపాలి. ఇవన్నీ నాకు నేర్పింది నందలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన ముప్పై ఏళ్లు ఇక్కడే నడిపారు.

రోడ్ల విషయానికి వస్తే, ఇక్కడి ఏర్పాటు చూసి మొదట్లో నాకు నోట మాట రాలేదు. నగరం చుట్టూ విల్లుల్లా వరసగా రింగ్ రోడ్లు, ఒకటి నుంచి ఏడు దాకా. వాటిని కోస్తూ ఎడారిలోకి పోయే హైవేలు. 2019 మే నెలలో తెరిచిన జాబెర్ వంతెన సముద్రం దాటుతూ 36 కిలోమీటర్లు సాగుతుంది. సుబియా వైపు వెళ్తూ ఉంటే కాసేపటికి రెండు పక్కలా నీళ్లే, ఒడ్డు జాడ ఉండదు. హైవేలో వేగం 120 వరకు అనుమతి. తప్పు చేస్తే ముఖాలఫా, అంటే జరిమానా. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఎర్ర లైటు దాటితే 150 దినార్లు, నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దినార్లు. మా బోటి ఇంటి డ్రైవరుకు 150 దినార్లంటే నెల జీతం పోయినట్టే. అయినా ఆ చట్టం వచ్చినందుకు నేను సంతోషించాను. ఫోను చూస్తూ పక్క గీతలోకి వచ్చే కార్ల మధ్య పసిపిల్లలను బడికి తీసుకెళ్లేవాడికి ఆ భయం ఎలాంటిదో తెలుసు.

ఇక్కడ కుడి పక్కన నడపాలి, మనకు ఎడమ పక్కన. చెన్నైలో దిగి, రేణిగుంట, కోడూరు, రాజంపేట, ఒంటిమిట్ట మీదుగా కడపకు కారులో వస్తూ మొదటి గంట నేను డ్రైవరు పక్కనే కూర్చుంటాను, స్టీరింగు ముట్టను. ఒక రాత్రి నిద్రపోయి లేచాకే లారీ ఎక్కుతాను. బాలపల్లె అడవిలో మలుపు తిరిగేటప్పుడు కళ్లు తప్పు పక్కకు చూస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఆ సంగతి కుర్రవాళ్లకు గట్టిగా చెబుతాను. కువైట్ నుంచి దిగిన రోజే కొత్త బుల్లెట్ బండి కొని ఊరంతా తిరిగే పిల్లలు ఉన్నారు మా వైపు.

ఇప్పుడు వాన. కువైట్‌లో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 110 మిల్లీమీటర్లు. మా కడపలో ఏడాదికి 700 దాకా కురుస్తుంది. మమ్మల్ని కరువు సీమ అంటారు, వీళ్ల ముందు మేము వాన ఉన్నవాళ్లం. అంత తక్కువ వాన కూడా ఏడాది పొడవునా పంచుకుని రాదు, నాలుగైదు రోజుల్లో దబ్బున పడిపోతుంది. 2018 నవంబర్‌లో అదే జరిగింది. నేల బల్లపరుపు, నీటికి వాలు లేదు. ఏడాదంతా దుమ్ము నిండిన కాలువలు నీటిని మింగలేకపోయాయి. వంతెనల కింది దారులు చెరువులయ్యాయి. ఫహాహీల్ వైపు కార్ల కప్పులు మాత్రమే తేలుతూ కనిపించాయి. ఒక రాత్రి విమానాలు ఆగాయి, బడులకూ ఆఫీసులకూ సెలవు ఇచ్చారు. ప్రజా పనుల మంత్రి రాజీనామా చేశారు.

నీళ్లు తీశాక అసలు కథ మొదలైంది. రోడ్డు పైపొర నుంచి కంకర ఊడి రావడం. చమురు పుట్టిన దేశంలో తారుకు కొరత ఏమిటని మొదట అనుకున్నాను. తర్వాత రోడ్డు పనిలో ఉన్న మా జిల్లా మేస్త్రి ఒకాయన విడమరిచి చెప్పారు. తారు ఎంత పోశామన్నది కాదు, అది రాయిని ఎలా పట్టుకున్నదన్నది లెక్క. వేసవి వేడికి తారు పెళుసెక్కుతుంది. రాయికీ తారుకూ మధ్య సందులోకి నీరు దూరితే పట్టు వదులుతుంది. ఆ పైన టైర్లు నడిస్తే రాయి లేచి వస్తుంది. ఆయన చెబుతూ చెబుతూ వంగి రోడ్డు అంచున వేలితో గీకారు. కంకర నాలుగైదు పలుకులు శుభ్రంగా, తారు మరక కూడా లేకుండా, ఆయన అరచేతిలోకి వచ్చాయి. "చూడు నాయనా, కడిగిన బియ్యం లాగా" అన్నారు. ఆ రాళ్లలో ఒకటి ఇప్పటికీ నా గదిలో ఉంది.

మా యజమాని తండ్రికి ఎనభై దాటాయి. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో తెల్లవారుజామున ఆయన నన్ను మేడ మీదకు పిలిచి దక్షిణాన తక్కువ ఎత్తులో ఒక నక్షత్రాన్ని చూపిస్తారు. సుహైల్. అది కనిపిస్తే ఎండ విరిగినట్టే, రాత్రులు చల్లబడతాయి. వీళ్లలో ఒక సామెత ఉంది: సుహైల్ పొడిస్తే వరదను నమ్మకు. కొన్నాళ్లకు నాకు తెలిసింది, అది మన అగస్త్య నక్షత్రమే. మా నాయన కార్తెలు లెక్కపెట్టి విత్తనం వేసినట్టే వీళ్ల తాతలు ఈ చుక్కను చూసి గుడారం పల్లంలో నుంచి గట్టు మీదకు మార్చేవారట. రోడ్లు వేసిన తరం మాత్రం ఆ సామెత మరిచిపోయింది. కువైట్‌లో మాత్రమే కాదు, మన దగ్గరా అంతే.

2021 నవంబర్‌లో నేను ఊళ్లోనే ఉన్నాను. నంది కొండల్లో పుట్టిన పాపాఘ్ని మా కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది నది అంటే బయటివాళ్లు నమ్మరు, అంతా ఇసుకే. ఆ ఇసుకలో చెలమలు తీసి నీళ్లు తోడుకున్న చిన్నతనం నాది. ఆ నవంబర్‌లో ఎగువన వెలిగల్లు జలాశయం నిండి నీళ్లు వదిలారు. ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రటి నీరు, చెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతున్నాయి. కడప నుంచి అనంతపురం పోయే దారిలోని వంతెన కుంగింది, తర్వాత కూలింది. తెల్లవారి ఒడ్డున నిలబడి చూశాను. ఆ వంతెన మీద బండల లారీతో నేను ఎన్ని వందలసార్లు దాటానో లెక్క లేదు. మధ్యలో పలక వంగి నీళ్లలోకి దిగి ఉంది, దాని మీద తెల్ల గీత మాత్రం చెక్కు చెదరలేదు. రోడ్డు మధ్యన వేసే గీత తిన్నగా నదిలోకి పోతున్నట్టు ఉంది. పక్కన నిలబడిన తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొన్న రాత్రి పది గంటలకు దాటానన్నా" అన్నాడు.

అంతకు ముందే, 19వ తేదీ తెల్లవారుజామున, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు మునిగాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. చాలామంది పోయారు. నాకు దుమ్ములో బండి నడపడం నేర్పిన పెద్దాయన బంధువులు అటువైపే. ఆ రాత్రి ఆయన కువైట్ నుంచి నాకు ఎన్నిసార్లు ఫోను చేశారో.

రెండు వరదలూ చూసినవాడిగా నాకు తోచేది చెబుతాను. నీరు వచ్చే చోటు రెండు దేశాల వాళ్లూ మరిచారు. కానీ కువైట్‌లో 2018 తర్వాత మబ్బు పట్టగానే కబురు ముందు వస్తుంది. ఫోనుకు హెచ్చరిక, బడులకు సెలవు, పల్లపు దారికి అడ్డంగా పోలీసు బండి. మన దగ్గర వాగు పొంగితే కల్వర్టు దగ్గర ఎవరో ఒకరు చెట్టుకొమ్మ అడ్డం పెడితే అదే హెచ్చరిక. ఆ కొమ్మ పెట్టే మనిషికి నేను చేతులెత్తి దండం పెడతాను, కానీ ఆ పని కొమ్మకు వదిలేయకూడదు.

ఇంకొకటి మనం తెచ్చుకోవలసింది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని చేయించకూడదు. గువ్వలచెరువు కనుమలో మే నెల మిట్టమధ్యాహ్నం తలపాగా చుట్టుకుని, కాళ్లకు గోనె గుడ్డ కట్టుకుని, వేడి తారు మీద కంకర పరిచే ఆడవాళ్లను ఏళ్ల తరబడి చూశాను. అక్కడ పాలకోవా కోసం ఆగిన ప్రతిసారీ లారీలో ఉన్న నీళ్ల డబ్బా వాళ్లకు ఇచ్చి కదిలేవాణ్ని. డబ్బా నీళ్లతో తీరేది కాదు అది.

మొన్న జులైలో సెలవుకు వెళ్లినప్పుడు మా ఊరి దారిలో కల్వర్టు తూములు చూశాను. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తెచ్చి పోసిన బండ ముక్కలు, గట్టిపడిన బూడిదరంగు బురద, రెండు తూములూ మూసుకుపోయి ఉన్నాయి. నేనూ తమ్ముడూ, ఊళ్లో ఇంకో పదిమందీ నాలుగు రోజులు గడ్డపారలతో తవ్వాం. ఒక తూములో అవతలి వెలుగు కనిపించినప్పుడు పిల్లలు కేకలు పెట్టారు. ఆ ముక్కలు మళ్లీ అక్కడ పోయవద్దని ఫ్యాక్టరీ యజమానిని అడగడానికి ముగ్గురం వెళ్లాం. ఆయన మాట ఇచ్చాడు.

స్వాతి కార్తెలో, ఇక్కడ నేను పిల్లల బడి ముందు కారులో ఉండగా, కడపలో రాత్రంతా వాన అని తెలిసి తమ్ముడికి ఫోను చేశాను.

"తూములు పారుతున్నాయా?"

"పారుతున్నాయన్నా. ఒకటి నిండుగా, రెండోది సగం. రోడ్డు మీదకు రాలేదు."

"రెండోది సగమెందుకు?"

"ఏదో కొమ్మ అడ్డం పడింది. వాన తగ్గాక తీస్తాం."