కాన్ఫిగర్ చివరి పేజీ

మా కార్యాలయంలోని సర్వర్లన్నీ ఒకే తరానికి చెందినవి కావు. చాలావాటిలో కొత్త డెబియన్ లినక్సు ఉంటే, రెండింటిలో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టడానికి సాహసించని పాత లినక్సు నడుస్తోంది. వీటన్నింటికీ బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేరుతో బ్యాకప్ తీయాలనుకున్నప్పుడు వెర్షన్ల నియమం అడ్డు వచ్చింది. పనినంతా నడిపించే డైరెక్టరూ, బ్యాకప్‌ను దాచే స్టోరేజ్ డీమనూ (డీమన్ అంటే తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి. ప్రతి సర్వరు మీదా కూర్చుని ఫైళ్లను చదివి పంపే ఫైల్ డీమన్ వాటికన్నా పాతదైనా ఫరవాలేదు గాని, కొత్తది కాకూడదు. ముందే తయారై వచ్చే ప్యాకేజీలు ఈ లెక్కకు కుదరనందువల్ల, సోర్సు కోడు దింపుకుని కంపైల్ చేయడానికే, అంటే దాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవడానికే సిద్ధపడ్డాను.

కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అంటూ మూడు ఆదేశాల్లో పని ముగుస్తుందని చెబుతుంటారు. నిజానికి ఓపిక కావలసింది, కంప్యూటరులో కావలసినవన్నీ ఉన్నాయో లేదో వెతికి చూసే మొదటి ఆదేశం దగ్గరే. బ్యాకప్‌ల వివరాలు దాచే డేటాబేసుగా పోస్ట్‌గ్రెస్ కావాలని అడిగి, కంపైల్‌కు అవసరమైన దాని హెడర్ ఫైళ్లు లేకపోతే కాన్ఫిగర్ అక్కడే ఆగిపోతుంది కాబట్టి ఆ లోటు వెంటనే తెలుస్తుంది. ఏసీఎల్ (ఫైళ్లపై ఒక్కొక్కరికి విడిగా ఇచ్చే అనుమతుల జాబితా) లైబ్రరీ లేకపోతే మాత్రం అది ఆగదు. ఆ సదుపాయాన్ని పక్కన పెట్టి, చివర చూపే పట్టికలో ఒక్క 'నో' రాసి ముందుకు సాగుతుంది. నేను మొదటిసారి ఆ పట్టికను చదవకుండానే మేక్ నడిపాను, అది ఒక్క లోపమూ చూపకుండా పూర్తయింది. ఆ పట్టిక కాన్ఫిగ్ డాట్ అవుట్ అనే ఫైలులో కూడా నిలిచి ఉంటుంది గనుక, మర్నాడు దాన్ని తెరిచి చూస్తే ఏసీఎల్ ఎదురుగానూ, డేటాను కుదించే జెడ్‌లిబ్ ఎదురుగానూ 'నో' కనబడింది. అంటే ఫైళ్లకు ఉండే మామూలు అనుమతులు తప్ప, ఎవరెవరికి విడిగా ఏయే అనుమతులిచ్చామన్న వివరం బ్యాకప్‌లోకి వచ్చేదే కాదు. రెండు డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఎక్కించి, మేక్ డిస్ట్‌క్లీన్‌తో పాత కంపైల్ ఫలితాలను తుడిచేసి, మళ్లీ మొదటి నుంచి కట్టుకొచ్చాను.

ఆ రెండో విడతలోనే మరో చిక్కు వచ్చిపడింది. డైరెక్టరు, డీమన్లు, డైరెక్టరుకు ఆదేశాలు ఇవ్వడానికి వాడే బీకన్సోలు ఒకరినొకరు గుర్తుపట్టడానికి వాడే పాస్‌వర్డ్‌లను కాన్ఫిగరే యాదృచ్ఛికంగా తయారుచేసి సెట్టింగు ఫైళ్లలో నింపుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత సెట్టింగు ఫైలు ఉంటే దాన్ని చెరపకుండా, కొత్తదాన్ని 'డాట్ న్యూ' అనే తోకతో పక్కన పెడుతుంది, మర్యాదైన పద్ధతే. నేనేమో డైరెక్టరు ఫైలును మాత్రం కొత్తదానితో మార్చి, బీకన్సోలు ఫైలును పాతదే ఉంచేశాను. డైరెక్టరుతో మాట్లాడే పోర్టు 9101 తెరిచే ఉంది, డైరెక్టరు నడుస్తూనే ఉంది, అయినా బీకన్సోలు లోపలికి రానివ్వలేదు. గంటసేపు ఫైర్‌వాలును అనుమానించిన తరువాత గాని రెండు పాస్‌వర్డ్‌లను పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన రాలేదు.

డేటాబేసు విషయంలోనూ సొంత తెలివి చూపించాను. బాక్యులాతో వచ్చే స్క్రిప్టును వదిలి, పోస్ట్‌గ్రెస్‌లో చేత్తోనే డేటాబేసు సృష్టిస్తే అది అలవాటుగా, అన్ని భాషల అక్షరాలనూ పట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తయారైంది. తనకు ఎస్‌క్యూఎల్ ఆస్కీ కావాలని డైరెక్టరు లాగ్‌లో ఫిర్యాదు చేసింది. తెలుగు పేర్లున్న ఫైళ్లను ఇంగ్లీషు అక్షరాలకే సరిపడే ఆస్కీ ఎలా దాస్తుందని మొదట తికమకపడ్డాను. అయితే ఆ ఎన్‌కోడింగ్‌లో పోస్ట్‌గ్రెస్ అక్షరాలను పరీక్షించదు, ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. యునిక్సులో ఫైలు పేరంటే బైట్ల వరుస మాత్రమే. పాత ఎన్‌కోడింగ్‌లో పేరు పెట్టిన ఫైలు ఒక్కటి ఎదురైనా యూటీఎఫ్-8 డేటాబేసు దాన్ని తిరస్కరిస్తుంది. కాబట్టి ఆ డేటాబేసును తీసేసి, ఈసారి స్క్రిప్టుతోనే కట్టించాను.

ఆ తరువాత 'జీతాలు' అన్న ఫోల్డరును బ్యాకప్ చేసి, టెంప్‌లోని బాక్యులా-రిస్టోర్స్‌లోకి తిరిగి దింపాను. పేరులోని గుణింతాలు చెదరలేదు. ఆ విడి అనుమతులను చూపే గెట్‌ఫాకల్ ఆదేశంతో చూస్తే లెక్కల విభాగానికి విడిగా ఇచ్చిన అనుమతి కూడా యథాతథంగా తిరిగి వచ్చింది.