వెనక్కి తిప్పి చదివిన ప్యాకెట్లు

ఆహారపు ప్యాకింగ్ గురించి మూడో తరగతి పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు పుస్తకం తెరవకుండా, వారం రోజుల్లో ఇంట్లో ఖాళీ అయిన ప్యాకెట్లనూ సీసాలనూ కడిగి తీసుకురమ్మన్నాను. సోమవారం నాటికి బల్ల మీద పెద్ద గుట్టే తయారైంది.

ముందుగా ఒక చిప్స్ ప్యాకెట్టును కత్తిరించి లోపలి వైపు చూపించాను. అక్కడ వెండిలా మెరిసేది ప్లాస్టిక్ మీద అతి పలుచగా అద్దిన అల్యూమినియం పూత. వెలుతురు, తేమ, ఆక్సిజన్ లోపలికి చేరి నూనె కనరెక్కకుండా అది అడ్డుపడుతుంది. "సగం గాలే కదండీ టీచర్!" అని ఒకడు ఫిర్యాదు చేశాడు. అలాంటి ప్యాకెట్లలో సాధారణంగా నింపేది నైట్రోజన్ అనీ, అది చిప్స్‌ను మెత్తబడకుండా, నలిగిపోకుండా కాపాడుతుందనీ చెప్పాను. ప్యాకింగ్‌ను పిల్లల ముందు దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే అది లేకపోతే పాడై పారబోయవలసిన ఆహారం తక్కువేమీ కాదు. అయితే తిండిని కాపాడే ఆ పొరలే ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండడం వల్ల, వాటిని విడదీసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టమవుతుంది. సీసాల అడుగున త్రికోణంలో కనిపించే 1 నుంచి 7 వరకు అంకెలు అది ఏ రకం ప్లాస్టిక్కో చెబుతాయే గాని, రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వవు. ఈ సంగతి చాలామంది పెద్దలకూ తెలియదు.

అసలు పాఠం మాత్రం వెనుక వైపు సన్నని అక్షరాల్లో ఉంది. పదార్థాల జాబితాలో సాధారణంగా ఎక్కువ బరువున్నది ముందు వస్తుంది. చక్కెరతో పాటు గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని వేర్వేరు పేర్లతో తీపిని విడదీసి రాస్తే, ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది. పళ్లరసం సీసా పట్టుకున్న ఒక అమ్మాయి "చక్కెర 11 గ్రాములే" అని సంతోషపడింది. అది 100 మిల్లీలీటర్లకు రాసిన లెక్క, సీసాలో పట్టేది 200. ఒక చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున గాజు గ్లాసులోకి చక్కెర కొలిచి పోయమన్నాను. అయిదున్నర చెంచాలు పడేసరికి తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. రోజువారీ శక్తిలో ఇలాంటి చక్కెరల వాటా 10 శాతానికి లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించిందని చెప్పాను గాని, ఆ శాతం కన్నా ఆ గ్లాసే వాళ్లకు ఎక్కువ గుర్తుండిపోయింది.

అలవాట్లు మారాయా అంటే, కొందరు రసం సీసాకు బదులు మంచినీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇంట్లో సరుకులు కొనేది పిల్లలు కారు కాబట్టి అంతకన్నా ఎక్కువ ఆశించడం న్యాయం కాదు. చిప్స్ గురించి ఫిర్యాదు చేసిన అబ్బాయి మాత్రం మరుసటి వారం బిస్కెట్ ప్యాకెట్టును వెనక్కి తిప్పి, చక్కెర ఎన్నో స్థానంలో ఉందో పక్కవాడికి వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత తీరిగ్గా మొత్తం తినేశాడు.