నాన్న గురించి రెండు పేజీలు

నాన్న సంస్మరణ సభలో ఆయన గురించి మాట్లాడే పని ఇంట్లోవాళ్లు నాకు అప్పజెప్పారు. ఐదారు నిమిషాలు చాలన్నారు. అదే పని ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఉపయోగపడుతుందేమోనని, ఆ రెండు పేజీలు ఎలా రాశానో చెబుతున్నాను.

మా నాన్న టర్నర్. ఉద్యోగం చేసినన్నాళ్లూ లేత్ మిషన్, అంటే లోహపు ముక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం, ముందే నిలబడ్డారు. మాట తక్కువ. దేవుడి మీద గట్టి నమ్మకం, కానీ దాని గురించి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఇల్లు, పని, ప్రార్థన, అంతే ఆయన లోకం. ఇలాంటి మనిషి గురించి రాయడం చాలా కష్టం. బిరుదులు, సన్మానాలు, చెప్పుకునే పెద్ద సంఘటనలు ఏవీ ఉండవు. అందుకే రాయడానికి కూర్చోగానే కష్టజీవి, మంచి భర్త, ప్రేమగల తండ్రి, దైవభక్తుడు అన్న మాటలే ముందుకొస్తాయి. అవన్నీ నిజమే. కానీ పేరు మారిస్తే అవి ఎవరి నాన్నకైనా సరిపోతాయి. అందులో మా నాన్న కనిపించరు.

ముందు ఎవరికీ చూపించక్కర్లేని కాగితం ఒకటి రాసుకోమని నా స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఆమె మనస్తత్వశాస్త్రం చదువుకున్న మనిషి. 1986లో జేమ్స్ పెన్నిబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారట. తమను బాగా బాధపెట్టిన విషయాన్ని, అప్పుడు మనసులో కలిగినవాటితో సహా రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు మిగతావాళ్లకన్నా తక్కువసార్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. ఆ దిగులు పెరుగుతుందన్న మాట ముందే తెలియడం నాకు మేలు చేసింది. రాత్రిపూట కూర్చుని, వాక్యం కుదిరిందా లేదా అని చూడకుండా రాశాను. ఆయన మీద ప్రేమ, చివరి రోజుల్లో పడ్డ టెన్షన్, ఆయనతో మాట్లాడాల్సి ఉండగా మిగిలిపోయిన విషయాలు అన్నీ ఆ కాగితాల్లోకి వెళ్లాయి. సభలో చదవాల్సినదాన్ని వేరే కాగితం మీద మొదలుపెట్టాను. ఈ రెండింటినీ కలపకూడదని గట్టిగా చెబుతాను. మన దుఃఖం గురించి రాస్తూ పోతే పోయిన మనిషి వెనక్కి జరిగిపోతారు.

తర్వాత తెలిసినవాళ్లను అడగడం మొదలుపెట్టాను. "నాన్న ఎలాంటివారు?" అని అడిగితే అందరూ "బంగారంలాంటి మనిషి" అనేసి ఆగిపోతారు. "నాన్నతో కలిసి మీరు చేసిన పని ఏదైనా చెప్పండి" అంటే వేరుగా ఉంటుంది. ఆ ప్రశ్నకు కాసేపు ఆలోచించి, ఎక్కడో మొదలుపెట్టి, మనం ఊహించని చోటికి తీసుకెళ్తారు. వాళ్ల అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. రాసుకుంటూ కూర్చుంటే వాళ్ల కళ్లలోకి చూడలేం.

నాన్నతో పనిచేసిన ఒక పెద్దాయన, మందాన్ని చాలా కచ్చితంగా కొలిచే మైక్రోమీటర్ అనే పరికరం గురించే చాలాసేపు మాట్లాడారు. "చూడమ్మా, దాని స్క్రూ ఒక్క చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు కదులుతుంది. చుట్టూ 50 గీతలుంటాయి. అంటే ఒక్క గీత మిల్లీమీటర్లో నూరో వంతు. మీ నాన్న ప్రతి జాబ్‌కీ ముందు మైక్రోమీటర్ కొలిచే మొహాలు తుడిచి, మూసి, సున్నా సరిగ్గా వస్తోందో లేదో చూసుకునేవారు. ఎంత తొందర పెట్టినా ఆ పని మానేవారు కాదు" అన్నారు. మిషన్ ఆన్ చేసే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారని కూడా ఆయనే చెప్పారు. పక్కన కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి ఎందుకని అడిగితే, "చేతులు బాగుండాలి కదా" అని మాత్రం అన్నారట. నాన్న ప్రార్థన గురించి మా ఇంట్లో ఎవరికీ అంత కూడా తెలియదు.

చిన్నప్పటి నుంచి నాకొక సందేహం ఉండేది. నాన్న చేతికి వాచీ గానీ, వేలికి ఉంగరం గానీ ఎందుకు ఉండవు? ఆ పెద్దాయనే చెప్పారు. తిరిగే లేత్ దగ్గర ఉంగరం, వాచీ, గ్లోవ్స్, వదులు చొక్కా చేతులు ఏవీ ఉండకూడదు. ఏది చిక్కుకున్నా మిషన్ చేతిని లాగేస్తుంది. ఉద్యోగం మానేశాక కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు.

అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏమీ చెప్పలేదు. నేనూ బలవంతపెట్టలేదు. మరో రోజు ఇద్దరం ఆయన బట్టలు సర్దుతుంటే తనంతట తానే మాట్లాడింది. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చినప్పుడు మమ్మల్ని బడికి పంపేదాకా పడుకునేవారు కాదట. "నువ్వు రాత్రంతా పిల్లలతో ఒక్కదానివే ఉన్నావు, కాసేపు పడుకో" అని అమ్మను పంపేసేవారట. మాకు జడలు వేయడం ఆయన అప్పుడే నేర్చుకున్నారు. ఆ జడలు నాకు బాగా గుర్తు. చాలా బిగుతుగా ఉండేవి, సాయంత్రం దాకా చెదిరేవి కావు.

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది మరో విషయంలో. పనిలో గాయపడి ఉద్యోగం పోయిన ఒకాయన కుటుంబానికి నాన్న ఏళ్ల తరబడి నెలనెలా డబ్బు పంపారు. ఆయన పోయాక గానీ మాకు తెలియలేదు. ఇది సభలో చెప్పాలా వద్దా? చెబితే అందరూ మెచ్చుకుంటారు. కానీ ఆయన దాచుకున్నది అందుకే కదా. తిరిగి ఏమీ చేయలేనివాళ్లకు, ఇవ్వడం ధర్మమని ఇచ్చేదే సాత్త్విక దానమని భగవద్గీత 17వ అధ్యాయంలో ఉంది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. నాన్న ఆ మాటను పాటించి వెళ్లిపోయారు. ఆ మాటను నేను మీరడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా అందుకున్నవాళ్ల పరువు కూడా ఆలోచించాలి. అన్నయ్యతో మాట్లాడి, అది నా కాగితంలో ఉండకూడదని నిర్ణయించుకున్నాం. తర్వాత వాళ్ల పెద్దమ్మాయిని కలిసి ఆ సంగతే చెప్పాను. "మీరు చెప్పకండక్కా, నేను చెబుతాను. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పనివ్వలేదు" అంది. గుట్టుగా ఉంచాలన్న నియమం ఇచ్చినవాళ్లకే. తీసుకున్నవాళ్లకు కృతజ్ఞత చెప్పుకునే హక్కు ఉంది. సభలో ఆ అమ్మాయి లేచి మాట్లాడింది.

తేదీల విషయానికొస్తే, మనుషుల జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా కాగితాలు చూసుకోవడం మంచిది. ఉద్యోగంలో చేరిన సంవత్సరం అత్త ఒకటి చెబితే, నియామక పత్రంలో మరొకటి ఉంది.

రాశాక బయటికి చదవాలి. మనసులో చదువుకున్నప్పుడు బాగున్న వాక్యం గొంతెత్తి చదివితే ఊపిరి చాలక విరిగిపోతుంది. అలాంటివన్నీ చిన్నవి చేశాను. ఏడుపు ప్రతిసారీ ఒకే చోట, జడల దగ్గరే వచ్చేది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుని, సభలో అక్కడ ఆగి నీళ్లు తాగాలని ముందే అనుకున్నాను. అక్షరాలు పెద్దవిగా ప్రింట్ తీసి, రెండో కాపీ అన్నయ్యకిచ్చాను. నేను చదవలేకపోతే అక్కడి నుంచి అందుకోమన్నాను. ఆ అవసరం రాలేదు గానీ, వాడు పక్కన నిలబడ్డాడన్న ధైర్యంతోనే చివరిదాకా చదివాను.

సభ అయ్యాక చాలామంది వచ్చి, మేం వినని సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు పాత ఫోటో ఇచ్చారు, ఇంకొకరు ఆయన చేసిన చిన్న స్పానర్ చూపించారు. అవన్నీ ఇప్పుడు ఆ రెండు పేజీల వెనక చేరుతున్నాయి. రికార్డింగులు అన్నయ్య దగ్గర ఒక కాపీ, నా దగ్గర ఒకటి ఉన్నాయి. ఆ మైక్రోమీటర్ పెద్దాయన ఇంకా చెప్పాల్సింది ఉందన్నారు. ఈసారి ఆయన దగ్గరికి అమ్మను కూడా తీసుకెళ్తున్నాను.