మాది చినవాల్తేరు

సెలవులకి విశాఖ వచ్చిన మూడో రోజే మా అమ్మాయి వాళ్ళ అమ్మమ్మకి రోగం పేరు పెట్టేసింది.

అమ్మ వంటింట్లో స్టీలు గ్లాసులు కడిగి, ఒక్కోటీ తుడిచి, గట్టు మీద పరిచిన పాత గుడ్డ మీద బోర్లిస్తోంది. మావాడు అందులోంచి ఒకటి తీసి నీళ్ళు తాగి, మళ్ళీ అక్కడే బోర్లించాడు. ఎంగిలి గ్లాసు ఏదో తెలియలేదు. అమ్మ ఏమీ అనకుండా పన్నెండూ మళ్ళీ సింకులో వేసింది.

"మమ్మీ, అమ్మమ్మకి ఓసీడీ" అంది పదిహేనేళ్ళ మా పెద్దది.

"ఓసీడీ అంటే ఏవిటే? షుగర్ లాంటిదా?" అంది అమ్మ, చెయ్యి ఆపకుండా.

మేముండేది న్యూజెర్సీలో. అక్కడ మా ఇంట్లో రోజూ ఇదే భాష. లెక్కల పరీక్ష ట్రామా. మెసేజ్‌కి జవాబివ్వని ఫ్రెండ్ టాక్సిక్. "నేనలా అనలేదే" అని వాళ్ళ నాన్న అంటే గ్యాస్‌లైటింగ్, అంటే మన జ్ఞాపకాన్ని మనమే అనుమానించేలా చెయ్యడం. తిండి దగ్గర కుదురుగా కూర్చోని తమ్ముడికి ఏడీహెచ్‌డీ. పొద్దున ఎండ, సాయంత్రం వాన అయితే వాతావరణానికి బైపోలార్. నిజం బైపోలార్ అంటే కొన్నాళ్ళు విపరీతమైన ఉద్రేకం, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బని, ఆ ఉద్రేకం మామూలుగా కనీసం వారం రోజులు దిగకుండా ఉంటేనే డాక్టర్లు దాన్ని మేనియా అంటారని ఒకసారి చెప్పబోయాను. నేను తనని ట్రిగ్గర్ చేస్తున్నానంది.

ఆ రోజు మాత్రం వదల్లేదు. "దాన్ని చాదస్తం అంటారు. మనకి దేనికి దానికి మాటలున్నాయి. మొండి, తిక్క, నస, కంగారు, బెంగ. తిక్క ఉన్నవాడికి ఎవరూ మందు వెయ్యరు, భరిస్తారు" అని ఉపన్యాసం ఇచ్చాను. నాకే ముచ్చటేసింది.

సాయంత్రం బీచ్ రోడ్డు దాటుతుంటే ఒకడు బైక్ మీద రాంగ్ సైడులో వచ్చి మమ్మల్ని రాసుకుంటూ పోయాడు. "మెంటలా వీడికి!" అన్నాను. మా అమ్మాయి నా వైపు చూసి ఊరుకుంది. ఆ చూపుకి జవాబు నా దగ్గర లేదు.

ఉండడానికి వీల్లేదు కూడా. మాది చినవాల్తేరు. బ్రిటిష్ వాళ్ళనాటి పిచ్చాసుపత్రి ఉన్న పేట. ఇప్పుడు దాని పేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల, అయినా ఊళ్ళో పాత పేరే నడుస్తోంది. హైదరాబాదులో ఎర్రగడ్డ అన్నట్టే ఇక్కడ ఎవరి మాట తేడాగా ఉన్నా "వీణ్ణి చినవాల్తేరు పంపించాలి" అంటారు. కాలేజీలో మా ఇల్లెక్కడో చెప్తే తర్వాతి ప్రశ్న ఒకటే: "లోపలా, బయటా?" నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళు అడగకముందే నేనే అనేసేదాన్ని.

రాత్రి భోజనాలయ్యాక అమ్మ గ్యాస్ సిలిండర్ కట్టిందో లేదో రెండోసారి చూసొచ్చి, "ఇంతకీ ఆ ఓసీడీ సంగతేవిటో చెప్పు" అని మనవరాలి పక్కన కూర్చుంది. అమ్మాయి ఫోన్‌లో చదువుతూ సగం తెలుగులో చెప్పింది. వద్దనుకున్నా అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తుంది. అది పోవడానికి చేసిందే చెయ్యాలి. రోజుకి గంటకి పైగా అందులోనే పోతుంది, లేదా ఉద్యోగం, సంసారం పాడవుతాయి. అప్పుడే డాక్టర్లు ఆ పేరు పెడతారు.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాతో, "మరి మన మాస్టారిదో?" అంది.

నేను మర్చిపోయిన మనిషి. మా సందు చివర ఉండేవారు. పొద్దున్నే పెరట్లో కుళాయి కింద చేతులు పెడితే మేం స్కూలుకి వెళ్ళేటప్పటికీ అక్కడే ఉండేవారు. ఒకరోజు చందా అడగడానికి వెళ్ళినప్పుడు దగ్గర్నుంచి చూశాను. వేళ్ళ మధ్య చర్మం నానిపోయి తెల్లగా పాలిపోయింది. కణుపుల దగ్గర చీలి, చీలికల్లో ఎర్రగా కనిపిస్తోంది. రూపాయి నోటు నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి, మళ్ళీ కుళాయి తిప్పారు. వాళ్ళావిడ సబ్బు దాచేవారు. ఆయన బడి ఉద్యోగం మధ్యలోనే మానేశారు. అందరూ అన్నది ఒకటే, "చాదస్తం మాస్టారు." పిల్లలం ఆయన ఎన్నిసార్లు కడుగుతారో పందెం కాసేవాళ్ళం.

ఆసుపత్రి గోడ వాళ్ళ మేడ మీంచి కనిపిస్తుంది. నడిస్తే పది నిమిషాలు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆ గేటులోకి వెళ్తుంటే ఎవరైనా చూస్తే ఆ పిల్లలకి సంబంధాలు రావు. ఇప్పుడైతే మనసు బాధలు చెప్పుకోడానికి టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, 14416 నంబరుంది, 2022లో మొదలెట్టారు, ఇంట్లో కూర్చునే తెలుగులో మాట్లాడొచ్చు. ఆయనకి ఉన్నది ఆ గేటొక్కటే.

"ఆయనకి ఎవరూ చెప్పలేదా?" అంది మా అమ్మాయి. అమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. పోయినేడాది రెండు నెలలపాటు మా అమ్మాయికి బడి అనగానే కడుపునొప్పి, గుండెదడ. కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్ళాం, తగ్గింది. అమ్మకి ఫోన్‌లో "కొంచెం బెంగ పెట్టుకుంది" అని మాత్రమే చెప్పాను. అమ్మ దిష్టి తియ్యమంది, తీశాను. మాటలున్నాయని అంత గొప్పగా చెప్పిన నేను, ఆ మాట వెనకాలే దాక్కున్నాను.

"అప్పుడు నాక్కూడా బెంగ కాదు అమ్మమ్మా, యాంగ్జైటీ" అని మా అమ్మాయే ఆ రాత్రి చెప్పేసింది. అమ్మ నా వైపు చూడలేదు. దాని చెయ్యి పట్టుకుని, "ఎప్పుడెక్కువొచ్చేదే, పొద్దున్నా రాత్రా?" అని అడిగింది. నేను లేచి మంచినీళ్ళు తెచ్చే వంకతో వంటింట్లోకి పోయాను. గ్లాసులు పన్నెండూ బోర్లించే ఉన్నాయి.

మర్నాడు ఆర్కే బీచ్ నుంచి తిరిగొస్తుంటే ఆటో అతను ఎక్కడికని అడిగాడు. నాకంటే ముందే మా అమ్మాయి "చినవాల్తేరు" అంది.

"పిచ్చాసుపత్రి దగ్గరేనా పాపా?" అని నవ్వాడు.

"అవునండీ. దాని వెనకే" అంది, నవ్వకుండా.