టేబుల్ డ్రాప్ అయ్యేలోపే చూడాలి

“టేబుల్ తీసేశాక ఇంక చెక్ చేసేదేముంది?” బెర్లిన్‌లో కోడ్ రివ్యూలో, టీమంతా చూసే చోట, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ టెస్టుల్లో ఇండెక్స్ (టేబుల్‌లో రికార్డుని త్వరగా వెతికిపెట్టే సూచిక) చెడిందా లేదా అని ఎప్పుడు చూడాలనే దాని మీద వచ్చిన మాట ఇది. మన దగ్గరైతే పక్కకి పిలిచి, టీ తాగుతూ చెప్తారు. ఇక్కడ పేరు పక్కన ‘గారు’ ఉండదు, చెప్పేవాళ్లకి మొహమాటమూ ఉండదు. గుచ్చుకుంటుంది. అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్న.

హైదరాబాద్‌లో చాలా టీములు ఇండెక్స్ తనిఖీని రాత్రి దానంతటదే నడిచే బిల్డ్ చివర్లో పెట్టుకుంటాయి. దాన్ని బద్ధకం అంటే ఒప్పుకోను. పగలంతా మెషీన్ల మీద టెస్టులు బారులు తీరి ఉంటాయి, తనిఖీకేమో టైమ్ పడుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, చాలా టెస్టులు తాము కట్టిన టేబుళ్లను తామే డ్రాప్ చేసి వెళ్తాయి. చెడిన ఇండెక్స్ కూడా వాటితోనే పోతుంది. రాత్రి చెక్‌కి ఖాళీ డేటాబేస్ దొరుకుతుంది, టెస్టు పాసవుతుంది.

పోస్ట్‌గ్రెస్ సోర్సులోనే ఆమ్‌చెక్ (ఇండెక్సుల్ని తనిఖీ చేసే ఎక్స్‌టెన్షన్) కింద సీఐసీ టెస్టు ఉంది, చూడండి. సీఐసీ అంటే క్రియేట్ ఇండెక్స్ కాంకరెంట్లీ, టేబుల్‌లోకి రాతలు ఆపకుండానే ఇండెక్స్ కట్టడం. లోడ్ టెస్టుల సాధనం పీజీబెంచ్ ఒకపక్క రికార్డులు చేరుస్తుంటే, అడ్వైజరీ లాక్ (ఒకసారికి ఒక్కరికే దొరికే టోకెన్ లాంటిది) దొరికిన క్లయింట్ పాత ఇండెక్స్‌ని డ్రాప్ చేసి, కాంకరెంట్లీ పద్ధతిలో మళ్లీ కట్టి, వెంటనే ఆమ్‌చెక్‌లోని బీటీ_ఇండెక్స్_చెక్ నడుపుతుంది. తర్వాతి చుట్టులో ఆ ఇండెక్స్ ఉండదు కాబట్టి చూడాల్సింది అప్పుడే. పోస్ట్‌గ్రెస్ 14.0 నుంచి 14.3 దాకా ఇలా కట్టిన ఇండెక్సుల్లో రికార్డులు జారిపోయే బగ్ ఉండేది, 2022 జూన్‌లో 14.4తో సరిచేశారు. ఎర్రర్ ఏమీ రాదు. టేబుల్ మొత్తం చదివితే కనపడే రికార్డు ఇండెక్స్ మీదుగా వెళ్తే కనపడదు, అంతే. టేబుల్‌లోని రికార్డులన్నీ ఇండెక్స్‌లో ఉన్నాయా అని చూడమనే హీప్ఆల్ఇండెక్స్‌డ్ ఆప్షన్‌కి ట్రూ ఇవ్వకపోతే చెక్‌కీ దొరకదు, అప్పుడది ఇండెక్స్ లోపలి అమరికనే చూస్తుంది. ట్రూ ఇస్తే మెయింటెనెన్స్_వర్క్_మెమ్‌లో (ఇలాంటి పనులకి ఇచ్చే మెమరీ పరిమితి) రికార్డుకి సుమారు 2 బైట్లు కావాలి, కోటి రికార్డులకి 20 ఎంబీ. తక్కువైతే ఫిర్యాదు చెయ్యదు, తప్పు దాటిపోయే అవకాశం పెరుగుతుంది.

ఇక్కడివాళ్ల ఇంకో పట్టుదల మాత్రం నాకు మింగుడుపడదు: ప్రతి స్టెప్ తర్వాతా పేరెంట్ చెక్ (ఇండెక్స్‌లో పై పేజీలకీ కింది పేజీలకీ పొంతన ఉందా అని కూడా చూసే బరువైన తనిఖీ) కావాలంటారు. అది షేర్ లాక్ తీసుకుంటుంది, వదిలేదాకా ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. రెండు సెషన్లు ఢీకొంటేనే బయటపడే బగ్ కోసం రాసిన టెస్టులో ఆ రెండింటినీ రేషన్ షాపు క్యూలో నిలబెట్టినట్టే. టెస్టు నడుస్తుండగా మామూలు చెక్ చాలు, దానికి రాతల్ని ఆపని యాక్సెస్ షేర్ లాక్ సరిపోతుంది. పేరెంట్ చెక్‌ని సెషన్లన్నీ ముగిశాక, డ్రాప్‌కి ముందు పెట్టాలి. బరువైన తనిఖీని విడిగా పెట్టుకోవాలనే హైదరాబాద్ అలవాటుకి ఈ విషయంలో నేను గట్టిగా నిలబడతాను.

సర్వర్‌ని కావాలని పడగొట్టే క్రాష్ టెస్టులోనైతే, అది కోలుకునే రికవరీ పూర్తయ్యాక, కొత్త రాతలు మొదలవకముందు చెక్ చెయ్యాలి. రెప్లికాతో (నకలు సర్వర్) పోల్చాలంటే ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో రాతలు ఆపి, రెప్లికా రీప్లే ఎల్ఎస్ఎన్ (మార్పుల్ని ఎంతవరకు అమలు చేసిందో చెప్పే గుర్తు) అక్కడిదాకా వచ్చేవరకు ఆగాలి. లేకపోతే కాస్త ఆలస్యాన్నే తేడాగా లెక్కేసి టెస్టు ఫెయిలవుతుంది.

చెక్ ఫెయిలైతే టియర్‌డౌన్ (టెస్టు చివర అన్నీ తుడిచేసే స్టెప్) నడవకూడదు. మన ఆఫీసుల్లో రాత్రి ఎంతైనా పక్క సీట్లో ఎవరో ఒకరుండి “ఆగండి, ముందు కాపీ తీద్దాం” అంటారు. ఇక్కడ సాయంత్రానికే ఫ్లోర్ ఖాళీ, ఆ మాట స్క్రిప్టే అనాలి. సర్వర్‌ని ఇమీడియట్ మోడ్‌లో ఆపి, వాల్ (ప్రతి మార్పునీ ముందుగా రాసుకునే లాగ్) ఫైళ్లతో సహా డేటా డైరెక్టరీ మొత్తం కాపీ తీయించండి. ఫాస్ట్ మోడ్‌లో ఆపితే చెక్‌పాయింట్ పడుతుంది, డిస్క్ మీది పేజీలు మారతాయి, పాత వాల్ రీసైకిల్ అయిపోవచ్చు. వాల్ చేతిలో ఉంటే, వెర్షన్ 15 నుంచి వాల్‌ని చదివి చూపే పీజీ_వాల్‌డంప్‌కి రిలేషన్ (టేబుల్ లేదా ఇండెక్స్), బ్లాక్ నంబరు ఇచ్చి, ఆ పేజీని తాకిన రాతల్ని మాత్రమే వరసగా చూడొచ్చు.