ఫ్రెడ్డీ కథానాయకుడైన నవల

హాస్యం కలిసిన ప్రేమ నవలల్లో ఎవరు ఎవరిని పెళ్లాడతారో మొదట్లోనే తెలిసిపోతుంది కదా, ఇంక చదవడం ఎందుకని కొందరు అడుగుతారు. ఆ పాత్రలు మనకు ముందే పరిచయమై ఉండటమే ఈ నవలల బలమని నేను నమ్ముతాను. ఇందుకు నాకు దొరికిన గట్టి ఆధారం ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ 1953లో వెలువరించిన ‘కొటిలియన్’.

జబ్బుపడిన తమ్ముడికి కాలక్షేపం కోసం అల్లిన కథతో 1921లో నవలా రచయిత్రి అయిన హేయర్, తన కథానాయకుల్లో రెండు మూసలున్నాయని తానే చెప్పుకుంది. మొదటివాడు మొరటువాడు, ముక్కోపి. రెండోవాడు నాజూకైన మాటతీరు, ఖరీదైన దుస్తులు గల ధనవంతుడు, గుర్రబ్బండి తోలడంలో దిట్ట. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లోని రాజశేఖరాన్ని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ రెండోవాడు పరాయివాడేమీ కాడు.

‘కొటిలియన్’లో ఒక పిసినారి ముసలాయన, తన మనవల వరస కుర్రవాళ్లలో ఒకరిని చేసుకుంటేనే తాను పెంచిన కిట్టీకి ఆస్తి దక్కుతుందని షరతు పెడతాడు. ఆమె మనసు పడిన అందగాడు జాక్, ఆమె ఎక్కడికీ పోదన్న ధీమాతో, రమ్మన్నా రాడు. అతనికి అసూయ పుట్టించాలని, ఎలాగైనా లండన్ చూడాలని, కిట్టీ ఆ కుర్రవాళ్లలోనే మరొకడైన ఫ్రెడ్డీని బతిమాలి ఉత్తుత్తి నిశ్చితార్థానికి ఒప్పిస్తుంది. వేరే నవలలో అయితే ఫ్రెడ్డీ నాలుగు నవ్వులు పంచి తప్పుకునే స్నేహితుడు. ఏథెన్స్ నుంచి తెచ్చిన ఎల్గిన్ శిల్పాలు చూడటానికి వెళ్లి, వాటికి తలకాయలే లేవేమిటని నిర్ఘాంతపోయే మనిషి.

అయితే ఏ దుస్తులు కిట్టీకి నప్పుతాయో, నలుగురిలో ఎలా మసలుకోవాలో, చిక్కులో పడినవాళ్లకు ఆ క్షణాన ఏది అవసరమో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఫ్రెడ్డీకి డ్రాగన్లను చంపడం చేతకాకపోవచ్చు గానీ, పాతకాలపు వీరులెవరూ నలుగురిలో ఎదురయ్యే ఇబ్బంది నుంచి మనల్ని గట్టెక్కించలేరని, అయినా డ్రాగన్లను చంపేవాడితో మనకు పనేముందని కిట్టీ అతని చెల్లెలితో వాదించే ఘట్టం నాకు ఎంతో ఇష్టం. నిజమైన ఆప్యాయతను ఇంత తేలిక మాటల్లో, ఇంత నవ్విస్తూ చెప్పిన సంభాషణలు అరుదు.

జాక్ వంటివాళ్లను మనం అనేక నవలల్లో చూసి, ప్రేమించి ఉన్నాం కాబట్టే ఈ తారుమారు ఇంత హాయినిస్తుంది. ఫ్రెడ్డీ తండ్రి లార్డ్ లెజర్‌వుడ్ తన కొడుకులోని వివేకాన్ని కొద్దికొద్దిగా గుర్తిస్తూ ఆశ్చర్యపోతుంటే, పాఠకుల ఆశ్చర్యమూ ఆయనతో పాటే పెరుగుతుంది. అందుకే హేయర్‌ను కొత్తగా చదవబోయేవారికి నేను ‘కొటిలియన్’ను మొదట ఇవ్వను. ముందు 1935 నాటి ‘రీజెన్సీ బక్’, తరువాత 1950లో వచ్చిన ‘ది గ్రాండ్ సోఫీ’ చదివి, ఆ దర్జా గల మగవాళ్లతో చనువు ఏర్పడ్డాక ఫ్రెడ్డీ దగ్గరికి రమ్మంటాను.