తని రాగానే కట్

రాత్రి పదకొండున్నర దాటింది, ఫ్యాను తిరుగుతోంది, ఏసీ కూడా వేసుకున్నాం, అయినా నిద్ర పట్టట్లేదు. ఎందుకో చెప్తే ఈయన "దీనిక్కూడానా" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన సంగతి మీకు తెలిసిందేగా.

ఆ డీవీడీ వచ్చింది. పాత టీవీలో కచేరీలు చేసిన విద్వాంసుల మీద తీసిన డాక్యుమెంటరీ, పోయిన నెలంతా దాని గురించే చెప్పి చెప్పి మీ చెవులు ఊదరగొట్టాను కదా, అదే. తిట్టబోతున్నాను కాబట్టి పేరు రాయను. మా అటక మీది ప్లేయర్ ట్రే తెరుచుకోలేదు, చిన్నాడి లాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు, బీసెంట్ రోడ్డులో నాలుగు షాపులు తిరిగితే ఐదో షాపతను లోపల్నించి బయట తగిలించుకునే డ్రైవ్ ఒకటి తెచ్చి దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇదేమీ నాకు కష్టమనిపించలేదు. డిస్క్ తిరిగే చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది.

బ్లాక్ అండ్ వైట్ బొమ్మ, వెనక సాదా తెర. పాడే ఆయన స్వరాలు ముగించి మృదంగం వైపు తిరిగి చెయ్యి చూపించారు, ఇంక మీరు కానివ్వండి అన్నట్టు. మృదంగం ఆయన సర్దుకుని కూర్చున్నారు, కుడిచెయ్యి పైకి లేచింది. అంతే, కట్. ఎవరో సోఫాలో కూర్చుని ఆ రోజుల్లో స్టూడియో లైట్లు ఎంత వేడిగా ఉండేవో చెప్తున్నారు. ఒకసారికి పోనీ అనుకున్నా. మూడు కచేరీలకీ ఇదే వరస, తని ఆవర్తనం, అంటే మృదంగం ఆయన ఒక్కరే వాయించే ఘట్టం, మొదలవ్వగానే కత్తెర. పైగా కింద పేరు పడేది పాడేవాళ్ళది ఒక్కటే. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, వెనకాల తంబురా మీటుతున్న ఆ పిల్ల ఎవరు, ఒక్క అక్షరం లేదు.

మన బెజవాడ రేడియోలో అలా ఎప్పుడైనా జరిగిందా చెప్పండి. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషన్ అది. కచేరీకి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, వయొలిన్ సహకారం ఫలానా, మృదంగ సహకారం ఫలానా అని చెప్పకుండా ఎనౌన్సర్ గొంతు దించేవారు కాదు. ఇంట్లో సంగీతం ముక్క రానివాళ్ళకి కూడా పక్కవాద్యం వాళ్ళ పేర్లు అలానే నోటికొచ్చేవి. అన్నవరపు రామస్వామి గారి పేరు నాకు ముందు తెలిసింది రేడియోలోనే, వయొలిన్ అనే వస్తువు ఎలా ఉంటుందో చూసింది ఆ తర్వాతే.

మృదంగం వాయించే మా పెద్దనాన్న టీవీలో వచ్చిన రోజు గుర్తొచ్చి ఇంకా మండింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైనా మా వీధిలోకి టీవీ రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది, అది కూడా ఒక్క ప్లీడరు గారింట్లోనే. పెద్దనాన్న రికార్డింగ్‌కి వెళ్ళే ముందు రాత్రి పెద్దమ్మ చిన్న గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి పరీక్షగా వేళ్ళతో నలిపి చూసింది. మృదంగానికి ఎడమ వైపు ఉండే తోలు మూత, తొప్పి అంటారు, దాని మీద ఆ ముద్ద అంటిస్తేనే ఆ గుమ్ము వస్తుంది. అక్కడ రవ్వ దొరుకుతుందో దొరకదో అని పొట్లం కూడా కట్టిచ్చింది, హైదరాబాద్‌లో రవ్వ దొరకకపోవడమేంటి అని ఎవరూ అనలేదు, అంత కంగారు ఇంట్లో. ప్రసారమైన రోజు వీధి వీధంతా ప్లీడరు గారి వరండాలో ఉంది, ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా పట్టుకున్నాడు. పెద్దనాన్న మొహం ఒక్కసారి కనపడింది, వేళ్ళు రెండుసార్లు. తని మొదలైంది. తాళం రెండు చుట్లు కూడా తిరిగిందో లేదో, బొమ్మ పోయి "అంతరాయానికి చింతిస్తున్నాము" అని బోర్డు. అది పోయేసరికి వార్తలు. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, లేచి చీర దులుపుకుని ఇంటికి నడిచింది.

ఇక్కడిదాకా టైప్ చేసి ఆగి ఆలోచించాను. అప్పటి ప్రోగ్రాంకి అరగంట ఇస్తే గొప్ప, యూమాటిక్ పెద్ద క్యాసెట్ అయినా పట్టేది గంటే. టేపు ఖరీదు, అందుకని పాతది చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కించేవాళ్ళు, బీబీసీ వాళ్ళు కూడా ఇదే పని చేసి ఎన్నో ప్రోగ్రాములు పోగొట్టుకున్నారు. పెద్దనాన్నది కూడా అలానే పోయిందని తర్వాత తెలిసింది. మరి ఈ డాక్యుమెంటరీ వాళ్ళకి దొరికిన టేపులోనే తని లేదేమో. ఉన్న ముక్క వేశారు, లేనిది ఎక్కణ్ణించి తెస్తారు, అనవసరంగా తిట్టానా అనిపించింది. అసలు ఇన్నేళ్ళ తర్వాత ఎవరో ఒకరు ఆ బొమ్మలు బూజు పట్టకుండా బయటికి తీసి డిస్క్ చేసి అమ్మారు, అదే చాలు కదా అని కూడా అనుకున్నా.

కాదు. తని లేదంటే ఒప్పుకుంటాను, పేరు వెయ్యడానికి టేపెందుకు? నలుగురు పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. 2021లో పద్మశ్రీ ఇచ్చిన మన ఆంధ్రావాళ్ళలో రామస్వామి గారు వయొలిన్, నిడుమోలు సుమతి గారు మృదంగం, ఇద్దరూ పక్కవాద్యం వాళ్ళే. దేశం గుర్తుపెట్టుకుంది, గంటన్నర సినిమాలో ఒక లైను అక్షరాలకి చోటు లేకపోయిందా!

ఇందాక మళ్ళీ పెట్టి ఆ రెండో కచేరీ దగ్గర ఆపాను. మృదంగం ఆయన ఎడమచెయ్యి బాగా కనపడుతోంది, తొప్పి మీద రవ్వ ముద్ద తెల్లగా, గుండ్రంగా, చుట్టూ వేళ్ళ ఆనవాళ్ళతో సహా. చిటికెనవేలు కొంచెం ఎత్తి పెట్టారు. పెద్దనాన్నతో పాటు మా ఇంటికొచ్చి సాధన చేసేవాళ్ళలో ఒకాయన ఇలానే పెట్టేవారని నాకు లీలగా గుర్తు. పొద్దున్నే లాప్‌టాప్, ఆ డ్రైవ్ పట్టుకుని సత్యనారాయణపురం వెళ్ళాలి. పెద్దమ్మకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు గానీ చేతులు చూసి ఎవరో చెప్పేస్తుంది.